మెషీన్‌ను కదపకండి: కంపెనీ మీద దివాలా పిటిషన్ పడితే డైరెక్టర్ ఏం చేయాలి?

ప్రశ్న: సార్, నమస్కారం. పటాన్‌చెరు దగ్గర మాకు అట్టపెట్టెల ఫ్యాక్టరీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. నేను, నా భార్య డైరెక్టర్లం. ఆమె సంతకాలు పెట్టడమే తప్ప ఫ్యాక్టరీ వ్యవహారాలు ఎప్పుడూ చూడలేదు. 48 మంది పనిచేస్తున్నారు. రెండు పెద్ద పార్టీల దగ్గర మా బాకీలు ఇరుక్కుపోయి బ్యాంకు అప్పు కట్టలేకపోయాం. ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అయి ఏడాది దాటింది. వడ్డీతో కలిపి 6 కోట్ల 70 లక్షలు అంటున్నారు. కంపెనీల కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచిలో దివాలా చట్టం సెక్షన్ 7 కింద బ్యాంకు పిటిషన్ వేస్తూ పోయిన వారం మాకు కాపీ పంపారు.

నా తమ్ముడికి వేరే ఫర్మ్ ఉంది. ఫ్లెక్సో ప్రింటింగ్ మెషీన్‌కు పాత తేదీతో తమ్ముడి పేర బిల్లు చేసి అక్కడికి తరలించమని ఒకాయన సలహా ఇచ్చారు. నా బావమరిది, అంటే నా భార్య తమ్ముడు, కంపెనీకి 35 లక్షలు చేబదులిచ్చాడు. అతనికైనా ముందు తీర్చేద్దామని ఉంది. ఒక ఫార్మా కంపెనీ కొత్త ఆర్డరుకు 15 లక్షలు అడ్వాన్స్ ఇస్తానంటోంది, తీసుకోవచ్చా? నా భార్య చేత రాజీనామా చేయిస్తే ఆమె బయటపడుతుందా? అడ్మినిస్ట్రేటర్ వస్తే మమ్మల్ని గేటు బయట నిలబెడతాడా? ఇద్దరం పర్సనల్ గ్యారంటీ ఇచ్చాం, ఇల్లు తనఖాలో ఉంది. పేపర్ ఏజెంటుకు రాబోయే తేదీలు వేసి చెక్కులిచ్చాను. నాలుగు నెలలుగా పీఎఫ్ కట్టలేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, పటాన్‌చెరు

సమాధానం: ముందు మెషీన్ సంగతి తేల్చేద్దాం. దాన్ని కదపకండి. ఆ సలహా ఇచ్చినాయన ఎవరో గానీ మీ మేలు కోరి చెప్పినా, చెప్పింది మాత్రం మిమ్మల్ని ముంచే మాట.

బ్యాంకు లోన్ మీద నడిచే ఫ్యాక్టరీలో మెషీన్లు సాధారణంగా బ్యాంకుకు హైపోథికేషన్‌లో, అంటే మీ దగ్గరే ఉన్నా అప్పుకు తాకట్టుగా ఉంటాయి. ఆ ఛార్జ్ రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ రికార్డులో ఎక్కి ఉంటుంది. ఇక పాత తేదీ బిల్లు అంటారా, ఈ రోజుల్లో అది నిలబడదు. ఆ నెల జీఎస్టీ రిటర్న్‌లో ఆ ఇన్వాయిస్ ఉండదు. ఈ-వే బిల్లు ఉండదు. తమ్ముడి ఖాతా నుంచి డబ్బు వచ్చిన జాడ ఉండదు. పైగా అదే మెషీన్ మీ షెడ్డులో ఉందని బ్యాంకు స్టాక్ ఆడిట్ రిపోర్టులోనూ మీ ఇన్సూరెన్స్ పాలసీలోనూ రాసి ఉంటుంది. రేపు దివాలా ప్రక్రియలో కంపెనీ పగ్గాలు తీసుకోవడానికి వచ్చే మనిషి మొదట అడిగేవి ఈ కాగితాలే.

2016 నాటి దివాలా స్మృతి, అందరూ ఐబీసీ అంటున్న చట్టం, ఇలాంటి బదిలీల కోసమే కొన్ని సెక్షన్లు పెట్టుకుంది. కంపెనీ ఆస్తిని విలువ కంటే బాగా తక్కువకు అమ్మినా, ఊరికే ఇచ్చేసినా ఎన్‌సీఎల్‌టీ దాన్ని వెనక్కి తెప్పిస్తుంది. బయటివాళ్లతో జరిగితే ఏడాది వెనక్కి, మీ తమ్ముడి లాంటి దగ్గరవాళ్లతో జరిగితే రెండేళ్లు వెనక్కి వెళ్లి చూస్తారు. అప్పులవాళ్లకు దొరక్కుండా చేయాలనే ఉద్దేశంతో చేసిందని తేలితే సెక్షన్ 49 కింద ఆ కాలపరిమితి కూడా అడ్డు రాదు. ఇది కాక సెక్షన్ 68 ఉంది. దివాలా ప్రక్రియ మొదలవడానికి ముందు 12 నెలల్లో 10,000 రూపాయలు, ఆపైన విలువున్న కంపెనీ ఆస్తిని మోసపూరితంగా తరలించిన డైరెక్టరుకు 3 నుంచి 5 ఏళ్ల జైలు, లక్ష నుంచి కోటి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. పదివేలు! ఫ్లెక్సో మెషీన్ సంగతి దేవుడెరుగు, దాని మోటారు తీసుకెళ్లినా సరిపోతుంది.

అయితే మిమ్మల్ని ఆపాలనుకుంటున్నది జైలు భయం చూపించి కాదు. అంతకంటే దగ్గరి కారణం ఒకటుంది. మీ ఫ్యాక్టరీని మీరే తిరిగి దక్కించుకునే అవకాశం చట్టంలో ఉంది. ఆ మెషీన్ కదిలిందంటే ఆ అవకాశం పోవచ్చు.

ఐబీసీ కింద అప్పులు తీర్చి కంపెనీని నిలబెట్టడానికి వేసే పథకాన్ని రిజల్యూషన్ ప్లాన్ అంటారు. దేశంలో మొట్టమొదట ఆమోదం పొందిన ప్లాన్ మన విశాఖపట్నం కంపెనీదే. వాహనాలకు అల్లాయ్ చక్రాలు చేసే సినర్జీస్ డూరే ఆటోమోటివ్. 2017 ఆగస్టులో ఎన్‌సీఎల్‌టీ హైదరాబాద్ బెంచి ఆ ప్లాన్‌ను ఆమోదించింది. సుమారు 972 కోట్ల క్లెయిమ్‌లకు రుణదాతల చేతికి వచ్చింది ఆరు శాతం లోపే. ప్లాన్ వేసింది అదే గ్రూపులోని మరో కంపెనీ. అప్పు ఎగ్గొట్టినవాళ్లే చవగ్గా కంపెనీని మళ్లీ చేజిక్కించుకుంటున్నారని విమర్శలు పెరిగాయి. ఆ ఏడాది నవంబరులోనే ఆర్డినెన్స్ తెచ్చి సెక్షన్ 29ఎ చేర్చారు. ఎన్‌పీఏ ఖాతా ఉన్న ప్రమోటర్లు, ఇచ్చిన గ్యారంటీ ప్రకారం కట్టమని బ్యాంకు అడిగినా కట్టని వాళ్లు ప్లాన్ వేయడానికి వీల్లేదని అది చెప్పింది.

ఆ దెబ్బ చిన్న పరిశ్రమలకు గట్టిగా తగిలింది. పటాన్‌చెరు షెడ్డులోని అట్టపెట్టెల యూనిట్‌ను కొనడానికి ముంబై నుంచి ఎవరొస్తారు? పాత యజమానిని కూడా రానివ్వకపోతే తుక్కుకు అమ్ముకోవడమే. అందుకే 2018లో సెక్షన్ 240ఎ తెచ్చి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) ప్రమోటర్లకు ఆ రెండు అడ్డంకుల నుంచి మినహాయింపు ఇచ్చారు. ఎన్‌పీఏ అయినా, గ్యారంటీ మీద పడినా మీరు ప్లాన్ వేయవచ్చు. కానీ 29ఎలో మిగతా అడ్డంకులన్నీ అలాగే ఉన్నాయి. వాటిలో ఒకటి, మీరు నడిపిన కంపెనీలో దొంగ బదిలీలు, తక్కువ విలువ బదిలీలు, కొందరికే లాభం చేసే చెల్లింపులు జరిగాయని ఎన్‌సీఎల్‌టీ ఆర్డర్ ఇస్తే మీరు అనర్హులు. ఇంకొకటి, మిమ్మల్ని విల్‌ఫుల్ డిఫాల్టర్‌గా, అంటే కావాలనే అప్పు ఎగ్గొట్టినవాడిగా ప్రకటించడం. తనఖాలో ఉన్న ఆస్తిని బ్యాంకుకు చెప్పకుండా తరలిస్తే ఆ ముద్ర వేయడానికి బ్యాంకుకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఒక్క మెషీన్‌తో రెండు తలుపులూ మూసుకుంటాయి.

ఎంఎస్‌ఎంఈ అని గుర్తించే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందో లేదో రాయలేదు. లేకపోతే వెంటనే చేయించండి. 2025 ఏప్రిల్ నుంచి మీడియం యూనిట్ పరిమితి పెట్టుబడిలో 125 కోట్లు, టర్నోవర్‌లో 500 కోట్లు కాబట్టి మీరు దాని లోపలే ఉంటారు. దివాలా ప్రక్రియ మొదలయ్యాక సర్టిఫికెట్ తీసుకున్నా ప్లాన్ వేసే నాటికి చేతిలో ఉంటే చాలని హరిబాబు తోట కేసులో 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని అప్పటిదాకా ఆగడం ఎందుకు?

బావమరిది అప్పు సంగతి. ఇది మనసుకు సంబంధించిన విషయమని తెలుసు. నమ్మి ఇచ్చిన డబ్బు, ఇంట్లో ముఖం చూపించాలి. కానీ చట్టం దృష్టిలో మీ భార్య డైరెక్టర్, ఆమె తమ్ముడు కంపెనీకి సంబంధీకుడు. ఒక అప్పులవాడికి, కంపెనీని లిక్విడేట్ చేసి, అంటే మూసేసి ఆస్తులమ్మి, చట్టం చెప్పిన వరసలో పంచితే వచ్చేదానికంటే ఎక్కువ ముట్టేలా ఇస్తే అది సెక్షన్ 43 కింద ప్రిఫరెన్స్. సంబంధీకుల విషయంలో రెండేళ్లు వెనక్కి తిరగేస్తారు. రోజువారీ వ్యాపారంలో భాగంగా ఇచ్చామని చెప్పుకోవడానికి కూడా లేదు. జేపీ ఇన్‌ఫ్రాటెక్ కేసులో, కంపెనీకి చెందిన సుమారు 758 ఎకరాలను మాతృసంస్థ అప్పులకు తనఖా పెట్టిన వ్యవహారంలో, సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో ఆ మినహాయింపును బాగా బిగించింది. పుచ్చుకున్నవాడికి అది మామూలు వ్యాపారమైతే చాలదు, ఇచ్చిన కంపెనీకి కూడా మామూలు వ్యాపారమే అయి ఉండాలంది. ఎన్‌సీఎల్‌టీ పిటిషన్ కాపీ అందిన వారంలో బావమరిదికి 35 లక్షలు పంపడాన్ని ఏ కోర్టూ మామూలు వ్యాపారం అనదు. రేపు ఆ డబ్బు వెనక్కి కట్టమని నోటీసు వెళ్లేది అతనికే. అప్పటికి అతను దాన్ని ఖర్చుపెట్టేసి ఉంటే మీరు చేసిన మేలు కాస్తా తగాదా అవుతుంది.

అతనికి చెప్పాల్సింది ఇదీ: ప్రక్రియ మొదలై పేపర్లో ప్రకటన రాగానే ఫైనాన్షియల్ క్రెడిటర్‌గా (డబ్బు అప్పిచ్చినవాడిగా) క్లెయిమ్ వేసుకోమనండి. వడ్డీ లేని అప్పయినా అది ఆర్థిక రుణమే కావచ్చని ఆరేటర్ మార్కెటింగ్ కేసులో 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. ఓటు హక్కు ఉండదు, క్లెయిమ్ మాత్రం ఉంటుంది. బ్యాంకు ద్వారా పంపిన రికార్డు, మీ బ్యాలెన్స్ షీటులో చూపిన ఎంట్రీ సిద్ధంగా పెట్టుకోమనండి. చేతికిచ్చిన డబ్బయితే కష్టం.

ఇప్పుడు ఫార్మా అడ్వాన్స్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే, ఎందుకంటే డైరెక్టర్ బాధ్యత అసలు ఎక్కడ మారుతుందో ఇక్కడ కనిపిస్తుంది. కంపెనీ బాగున్నన్నాళ్లూ లాభం వచ్చినా నష్టం వచ్చినా వాటాదారులది, అంటే మీదే. కంపెనీ ఇక దివాలా తప్పించుకోలేదని మీకు తెలిసిన రోజు నుంచి, లేదా మీ స్థానంలో ఉన్నవారికి తెలిసి ఉండాల్సిన రోజు నుంచి, లెక్క మారిపోతుంది. అక్కడి నుంచి అప్పులవాళ్లకు జరిగే నష్టాన్ని వీలైనంత తగ్గించడానికి తగిన శ్రద్ధ చూపకపోతే ఆ నష్టాన్ని మీ జేబులోంచి భర్తీ చేయమని సెక్షన్ 66 కింద ఎన్‌సీఎల్‌టీ ఆదేశించగలదు. నాకు తెలియదండీ అంటే కుదరదు. అదే పని చేసే మామూలు డైరెక్టర్ ఎంత జాగ్రత్త పడతాడో అంత జాగ్రత్త మీరు పడ్డారా అన్నదే చూస్తారు. పిటిషన్ కాపీ చేతిలో ఉంది కాబట్టి మీ విషయంలో ఆ రోజు వచ్చేసిందనే అనుకోండి.

ఈ పరిస్థితిలో 15 లక్షలు తీసుకుని క్యాష్ క్రెడిట్ ఖాతాలో వేశారనుకోండి. ఎన్‌పీఏ ఖాతా కదా, బ్యాంకు బాకీ కింద జమ కట్టేసుకుంటుంది. క్రాఫ్ట్ పేపర్ కొనడానికి డబ్బుండదు, ఆర్డర్ వెళ్లదు, ఇంకో అప్పులవాడు పెరుగుతాడు. అది కూడా మీరు అన్నీ తెలిసి తెచ్చుకున్నవాడు. పోనీ అని వేరే బ్యాంకులో కొత్త కరెంట్ ఖాతా తెరిచి అందులో వేస్తే, డబ్బు దారి మళ్లించాడని బ్యాంకు రాసుకుంటుంది.

మరి ఆర్డర్ వదులుకోవాలా? అక్కర్లేదు. దీన్ని జాబ్ వర్క్‌గా మార్చమని ఫార్మా కంపెనీని అడగండి. పేపర్ వాళ్లే కొని మీ షెడ్డుకు పంపుతారు, మీరు పెట్టెలు చేసి ఇచ్చి కన్వర్షన్ ఛార్జి బిల్లు చేస్తారు. పేపర్ వాళ్లదే కాబట్టి రేపు దివాలా ప్రక్రియ మొదలైనా వాళ్ల సరుకు వాళ్లది. మీ పనివాళ్లకు పని ఉంటుంది, లైన్ తిరుగుతూ ఉంటుంది. వచ్చిన ఛార్జి నుంచి జీతాలు, కరెంటు కట్టుకోవడానికి అనుమతించమని బ్యాంకుకు ముందే ఉత్తరం రాయండి. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రాసిన ఉత్తరం మాత్రం మీరు శ్రద్ధ చూపారనడానికి రుజువుగా ఉంటుంది. ఇన్‌వర్డ్ స్టాంపు వేయించుకోవడం మరిచిపోవద్దు. ఫార్మా వాళ్లకు పిటిషన్ సంగతి కూడా చెప్పండి. చెబితే పోతారని మీ భయం. చెప్పకుండా డబ్బు తీసుకుంటే, అదే రేపు మోసం కేసుకు మొదటి పేరా అవుతుంది.

మీ భార్య రాజీనామా వల్ల ఒరిగేది తక్కువ. డైరెక్టరుగా ఉన్న కాలంలో జరిగిన తప్పులకు రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని కంపెనీల చట్టం సెక్షన్ 168 స్పష్టంగా అంటోంది. పర్సనల్ గ్యారంటీ డైరెక్టర్ పదవితో ముడిపడి లేదు, అది ఆమె విడిగా పెట్టిన సంతకం. పైగా ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లుండాలి, ఉన్నదే మీరిద్దరు. సంతకాలు పెట్టడమే తప్ప ఏమీ చూడలేదన్నారు. మన ఇళ్లలో జరిగేది అదే, సగం ప్రైవేట్ కంపెనీల్లో భార్యో తల్లో పేరుకు డైరెక్టర్. ఆమెకు ఇప్పుడు కావాల్సింది రాజీనామా పత్రం కాదు, విషయం తెలియడం. పిటిషన్ ఆమె చేత చదివించండి. బోర్డు మీటింగ్ పెట్టండి. చేతిలో ఎంత ఉంది, వారానికి ఎంత వస్తుంది, ఎవరికి ఏ వరసలో ఇవ్వాలి, ఏ ఆస్తినీ అమ్మకూడదు, కొత్త అప్పు చేయకూడదు అని మినిట్స్ రాయండి. తారీఖు నిజమైనదే వేయండి. మెషీన్ బదిలీ సలహా వచ్చింది, తిరస్కరించాం అని కూడా రాయవచ్చు. రేపు ఆమెను నిజంగా కాపాడే కాగితం అదే.

అడ్మినిస్ట్రేటర్ గురించి. పిటిషన్‌ను ఎన్‌సీఎల్‌టీ అడ్మిట్ చేసిన (స్వీకరించిన) రోజున ఒక మధ్యంతర రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను నియమిస్తుంది. తర్వాత రుణదాతల కమిటీ ఆయన్నే కొనసాగించవచ్చు, ఇంకొకరిని తేవచ్చు. అందరూ ఆర్‌పీ అంటారు. అడ్మిషన్ తోనే బోర్డు అధికారాలు సస్పెండ్ అవుతాయి. చెక్కు మీద సంతకం ఆయనది, బ్యాంకు ఖాతా ఆయన చేతిలో. అంతవరకూ మీ భయం నిజమే. కానీ గేటు బయట నిలబెట్టడం ఆయన పని కాదు. కంపెనీని నడుస్తున్న కంపెనీగానే ఉంచడానికి ప్రయత్నించాలని, ఆస్తుల విలువ కాపాడాలని సెక్షన్ 20, 25 చెబుతున్నాయి. మెషీన్ నడపడం ఆయనకు రాదు. తెలివైన ఆర్‌పీ మిమ్మల్ని, మీ ప్రొడక్షన్ సూపర్‌వైజర్‌ను దగ్గర పెట్టుకుంటాడు.

ఆయన్ను బ్యాంకు మనిషిగా చూడకండి. పేరు బ్యాంకే ప్రతిపాదించినా, ఆయన జవాబుదారీ ఎన్‌సీఎల్‌టీకి, నియంత్రణ సంస్థ ఐబీబీఐకి. ఆయనకు తీర్పు చెప్పే అధికారం లేదు, నిర్వహణ అధికారమే అని స్విస్ రిబ్బన్స్ కేసులో 2019లోనే సుప్రీంకోర్టు తేల్చింది. క్లెయిమ్‌లు సరిచూస్తాడు, లెక్కలు తీస్తాడు, అనుమానాస్పద లావాదేవీలపై 75వ రోజుకల్లా ఒక అభిప్రాయానికి రావాలి, ఉంటే ఎన్‌సీఎల్‌టీకి దరఖాస్తు పెట్టాలి. ఈ చివరి పనిలో ఆయన అలసత్వం చూపిస్తే ఆయన మీదికే వస్తుంది. భూషణ్ పవర్ అండ్ స్టీల్ కేసులో 2025 మేలో సుప్రీంకోర్టు ప్లాన్‌నే కొట్టేస్తూ ఆర్‌పీని కూడా గట్టిగా తప్పుపట్టింది. జూలైలో ఆ తీర్పును వెనక్కి తీసుకుని, మళ్లీ విని, సెప్టెంబరులో ప్లాన్‌ను నిలబెట్టింది, అది వేరే సంగతి. కానీ ఆ నాలుగైదు నెలల్లో దేశంలోని ఆర్‌పీలందరికీ చలి పుట్టింది. కాబట్టి మీ ఫ్యాక్టరీకి వచ్చే ఆర్‌పీ మొహమాటానికి పోయి మీ తమ్ముడి బిల్లును చూసీ చూడనట్టు వదిలేస్తాడని ఆశపెట్టుకోకండి.

మీ వైపు హక్కులూ ఉన్నాయి. కమిటీ మీటింగులకు నోటీసు మీకు రావాలి, మీరు కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ఓటు మాత్రం ఉండదు. వచ్చిన ప్లాన్ల కాపీలు కూడా సస్పెండైన డైరెక్టర్లకు ఇవ్వాలని విజయ్ కుమార్ జైన్ కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్‌పీ తప్పు చేస్తున్నాడనిపిస్తే ఎన్‌సీఎల్‌టీలో దరఖాస్తు వేయవచ్చు, ఐబీబీఐకి ఫిర్యాదు చేయవచ్చు. అలాగే ఆయనకు సహకరించడం మీ బాధ్యత. టాలీ డేటా, స్టాక్ రిజిస్టర్, రావాల్సిన బాకీల జాబితా, ఆధారాలతో సహా ఒక్క రోజులో ఇవ్వగలిగేలా ఇప్పుడే సర్దిపెట్టండి. దాచడం సెక్షన్ 70 కింద నేరం. ఇంకో మాట, మీ డబ్బు ఎగ్గొట్టిన ఆ రెండు పెద్ద పార్టీల ఫైళ్లు పైన పెట్టండి. వాళ్ల నుంచి వసూలు చేయడం ఇక ఆర్‌పీ పని. మీకు లేని తీరిక ఆయనకుంటుంది.

ఇల్లు, గ్యారంటీ దగ్గర మాత్రం మీకు తీపి కబురు చెప్పలేను. అడ్మిషన్ తర్వాత వచ్చే మారటోరియం, అంటే కేసులు, వసూళ్లు ఆపే ఉత్తర్వు, కంపెనీకే. గ్యారంటీదారుకు అది వర్తించదని 2018లో చట్టంలోనే రాశారు, వి. రామకృష్ణన్ కేసులో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అంటే ఫ్యాక్టరీ మీద చర్యలు ఆగినా, ఇంటి మీద సర్ఫేసీ చర్య (తనఖా ఆస్తిని బ్యాంకే స్వాధీనం చేసుకుని అమ్మడం) ఆగనక్కర్లేదు. 2019 డిసెంబరు నుంచి పర్సనల్ గ్యారంటీదారుల మీద కూడా ఐబీసీ కింద విడిగా వెళ్లే వీలుంది. కంపెనీ ప్లాన్ ఆమోదం పొందినంత మాత్రాన గ్యారంటీ మాఫీ కాదని లలిత్ కుమార్ జైన్ కేసులో 2021లో తేలిపోయింది. అందుకే మీరు బ్యాంకుతో ఏ దశలో సెటిల్మెంట్ మాట్లాడినా, ప్లాన్ వేసినా, ఇద్దరి గ్యారంటీల విడుదల, ఇంటి పత్రాలు తిరిగివ్వడం అన్నవి అందులో విడిగా, స్పష్టంగా రాయించుకోండి. కంపెనీ అప్పు తీరితే అన్నీ తీరినట్టే అనుకుని సంతకం పెట్టి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

చెక్కుల విషయంలోనూ ఇదే తీరు. కంపెనీ మీద చెక్ బౌన్స్ కేసు మారటోరియంలో ఆగుతుంది, సంతకం పెట్టిన డైరెక్టర్ మీద ఆగదు. ఇది పి. మోహన్‌రాజ్ కేసు, 2021 మార్చి. పేపర్ ఏజెంటుతో ఇవాళే మాట్లాడండి. చెక్కులు వేయొద్దని, అడ్మిషన్ అయితే క్లెయిమ్ వేసుకోమని నిజం చెప్పండి. కోప్పడతాడు. బౌన్స్ మెమో పట్టుకుని కోర్టుకు వెళ్లడం కంటే కోప్పడటం నయం.

పిటిషన్ అడ్మిట్ కాకుండా ఆపగలమా? అప్పు ఉంది, ఎగవేత ఉంది, మొత్తం కోటి రూపాయల పరిమితి దాటింది. ఇవి తేలితే అడ్మిట్ చేయడమే ఎన్‌సీఎల్‌టీ పని అని ఇన్నోవెంటివ్ కేసు 2017లో చెప్పింది. 2022లో విదర్భ ఇండస్ట్రీస్ తీర్పు వచ్చాక కొంత విచక్షణ ఉందని ఆశ పుట్టింది. ఆ ఆశతో హైదరాబాద్ నుంచి వెళ్లిన ఎం. సురేష్ కుమార్ రెడ్డి కేసులోనే 2023 మేలో సుప్రీంకోర్టు విదర్భ తీర్పు ఆ కేసు వాస్తవాలకే పరిమితమంది. 2025 ఆగస్టులో లోక్‌సభ ముందుకు వచ్చిన సవరణ బిల్లు కూడా, ఎగవేత రుజువైతే అడ్మిట్ చేసి తీరాలనే ప్రతిపాదించింది. వెనక్కి తిరిగి చూసే రెండేళ్ల కాలాన్ని అడ్మిషన్ తేదీ నుంచి కాక పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కించాలనీ అందులో ఉంది. కేసు సాగదీస్తే పాత లావాదేవీలు కాలం దాటిపోతాయన్న ఎత్తు ఇక నమ్ముకునేది కాదు. మీ కేసుకు ఏ నిబంధన వర్తిస్తుందో వకీలును అడగండి.

సాంకేతిక అభ్యంతరాల మీద వకీలు ఫీజు తగలేయడం కన్నా, అడ్మిషన్ లోపే బ్యాంకుతో ఓటీఎస్ (ఒకేసారి కట్టి బాకీ తీర్చుకునే ఒప్పందం) మాట్లాడటం మేలు. అడ్మిషన్‌కు ముందు బ్యాంకు ఒప్పుకుంటే ఎన్‌సీఎల్‌టీ అనుమతితో పిటిషన్ ఉపసంహరించుకోవచ్చు. తర్వాత అయితే రుణదాతల కమిటీలో 90 శాతం ఓటు, ఆర్‌పీ ద్వారా దరఖాస్తు, ఆ తతంగమంతా కావాలి. బైజూస్ వ్యవహారంలో ఆ దారి తప్పినందుకే 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సెటిల్మెంట్‌ను పక్కన పెట్టింది. మీ కమిటీలో ఓటున్నది ఎలాగూ బ్యాంకు ఒక్కదానికే, కాబట్టి ఏ దారిలో వెళ్లినా చివరికి ఒప్పించాల్సింది ఆ ఒక్కరినే.

ప్రీ-ప్యాక్, అంటే ముందే ఒప్పందం కుదుర్చుకుని దివాలా ప్రక్రియకు వెళ్లే పద్ధతి గురించి కూడా విని ఉంటారు. 2021లో ఎంఎస్‌ఎంఈల కోసమే తెచ్చారు. అందులో ఫ్యాక్టరీ మీ చేతిలోనే ఉంటుంది, ఆర్‌పీ పర్యవేక్షిస్తాడు. వినడానికి బాగుంది గానీ, ముందుగా బ్యాంకు ఒప్పుకోవాలి. బ్యాంకు పిటిషన్ ఫైల్ అయిన 14 రోజుల్లోపు మీరు దరఖాస్తు వేస్తేనే ఎన్‌సీఎల్‌టీ మీది ముందు వింటుంది, లేకపోతే బ్యాంకుదే ముందు. పిటిషన్ ఫైలింగ్ తేదీ ఇవాళే కనుక్కోండి. నా అనుభవంలో ఆ గడువులో ఇవన్నీ పూర్తిచేయడం దాదాపు అసాధ్యం, ఈ దారిలో వెళ్లిన కంపెనీలు దేశం మొత్తం మీద అతి తక్కువ. బ్యాంకు మేనేజర్ గట్టిగా మీ వైపుంటే తప్ప దీని మీద సమయం పెట్టకండి. 240ఎ కింద ప్లాన్ వేయడానికి డబ్బు ఎక్కడి నుంచి తేవాలో ఇప్పటి నుంచే చూసుకోండి. అక్కడ కావాల్సింది నిజమైన డబ్బు, పోటీ వస్తే దాన్ని దాటే డబ్బు. మీ తమ్ముడు సాయం చేయాలనుకుంటే అప్పుడు ఆ ప్లాన్‌లో పెట్టుబడి పెట్టమనండి.

చివరిగా పీఎఫ్. చేతిలో ఉన్న కాస్త డబ్బుతో ఏదైనా కట్టాలని మీ మనసు పీకుతుంటే, బావమరిది అప్పు కాదు, ఇది కట్టండి. పనివాళ్ల జీతం నుంచి కోసుకుని జమ చేయకపోవడాన్ని చట్టం నమ్మకద్రోహం నేరంగా చూస్తుంది, ఆ కేసు వ్యక్తిగతంగా మీ మీదికొస్తుంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులు లిక్విడేషన్ ఆస్తిలోకి రావని సెక్షన్ 36 చెబుతోంది, జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల బాకీల విషయంలో కోర్టులు కూడా అదే దారిలో వెళ్లాయి. పనివాళ్ల వాటా నాలుగు నెలలది ముందు కట్టండి, వీలైతే మీ వాటా కూడా. ఆ చలానాలను బోర్డు మినిట్స్‌తో పాటు అదే ఫైలులో పెట్టి వకీలు దగ్గరికి తీసుకెళ్లండి.